డ్రోన్ లేకపోతేనేం, దారం ఉంది

ముందే చెప్పేస్తున్నా, నాకు డ్రోన్ల మీద కోపమేం లేదు. పెళ్ళి వీడియోలో పందిరి పైనుంచి తీసిన షాట్ వస్తే అందరిలాగే నేనూ కళ్ళప్పగించి చూస్తాను. పైనుంచి ఫోటో అనగానే మనకి డ్రోన్ తప్ప ఇంకోటి తట్టకపోవడం మీదే నా గొడవంతా. ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి మరీనూ. ఏ కాలేజీ టెక్ ఫెస్ట్ పోస్టర్ చూసినా అందులో డ్రోన్ వర్క్‌షాప్ ఉంటుంది. రెండు రోజులు, ఒక ఫీజు, పదిమందికి ఒక కిట్. నాలుగు మోటార్లు బిగిస్తాం, ఎవరో రాసిన కోడ్ ఎక్కిస్తాం, అది లేస్తుంది, సెల్ఫీ తీసుకుంటాం, సర్టిఫికెట్ ఇస్తారు. సోమవారానికి కిట్ వాళ్ళే పట్టుకెళ్ళిపోతారు. అది ఎందుకు లేచిందో మనకి తెలీదు. మళ్ళీ లేపాలంటే మన దగ్గర ఏమీ లేదు.

గాలిపటం దారానికి పాత ఫోన్ ఒకటి వేలాడదీసి ఫోటోలు తీయొచ్చు. మనలాంటివాళ్ళు తప్పకుండా చేయాల్సిన పని అది అంటాను. చవక అన్నది ఒక కారణమే. పెద్ద కారణం ఆ దారమే. అక్కడికి తర్వాత వస్తాను.

ఇది యూట్యూబ్ వాళ్ళు కనిపెట్టిన హ్యాక్ అనుకోకండి. విమానం కంటే పాతది. రైట్ సోదరులు ఎగిరింది 1903లో అయితే, ఫ్రాన్స్‌లోని లాబ్రుగియేర్ అనే చిన్న ఊళ్ళో ఆర్థర్ బట్యూ 1888లోనే గాలిపటానికి కెమెరా కట్టి తన ఊరిని పైనుంచి ఫోటో తీశాడు. రిమోట్ లేదు, టైమర్ యాప్ లేదు. మరి బటన్ ఎవరు నొక్కాలి? మెల్లగా కాలే ఒక వత్తి పెట్టాడు. అది కాలి కాలి ఒక దారాన్ని తెంపితే షట్టర్ పడుతుంది. 1890లో దీని మీద పుస్తకం కూడా వేశాడు. ఆ వత్తి గురించి చదివినప్పుడు నాకు అనిపించింది, ఇది మనం రాసే స్లీప్ ఫంక్షనే కదా, కాకపోతే నిప్పుతో రాశాడు.

తర్వాతి పేరు జార్జ్ లారెన్స్, అమెరికావాడు. మొదట్లో బెలూన్ ఎక్కి ఫోటోలు తీసేవాడు. ఒకసారి బుట్ట ఊడి కింద పడితే మధ్యలో టెలిఫోన్ తీగలు అడ్డం రావడంతో బతికాడు. ఇక తను ఎక్కడం మానేసి కెమెరానే ఎక్కించాడు. 1906 ఏప్రిల్‌లో భూకంపం వచ్చి, మంటలు లేచి, శాన్ ఫ్రాన్సిస్కో చాలా భాగం బూడిదయ్యింది. ఆరు వారాల తర్వాత లారెన్స్ వరసగా 17 గాలిపటాలు కట్టి, సుమారు 22 కిలోల కెమెరాని 2000 అడుగుల ఎత్తుకి లేపి మొత్తం నగరాన్ని ఒక్క ఫోటోలో పట్టాడు. నెట్‌లో ఉంటుంది, పెద్ద సైజులో చూడండి. కాలిపోయిన వీధులు గళ్ళ నోట్‌బుక్ పేజీలాగా ఉంటాయి.

ఇక మన సంగతి. మేం అయిదుగురం, అందరం సెకండ్ ఇయర్, ఇద్దరు మెకానికల్. తలా ఒక 300 రూపాయలు వేసుకున్నాం. తెర పగిలి డ్రాయర్‌లో పడున్న ఫోన్ ఒకటి దొరికింది. కెమెరా బాగుంటే చాలు, తెరతో మనకి పనిలేదు.

సంక్రాంతికి ఎగరేసే కాగితం గాలిపటం ఫోన్‌ని మోయలేదు. మేం కట్టింది రొక్కాకు. జపాన్‌వాళ్ళది, ఆరు మూలలుంటాయి, తోక అక్కర్లేదు, ఊగకుండా ఒకచోట నిలబడుతుంది. పొడవు 1.8 మీటర్లు, వెడల్పు 1.5, వెదురు బద్దలు, గొడుగు గుడ్డ. విస్తీర్ణం లెక్కేస్తే రెండు చదరపు మీటర్లు వచ్చింది. ఇక్కడ ఇంటర్‌లో బట్టీ పట్టిన ఫార్ములా ఒకటి ప్రాణం పోసుకుంటుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకి 5 మీటర్ల గాలిలో ఈ పటం మహా అయితే మూడు కిలోల బలంతో లాగుతుంది. అదే గాలి 10 మీటర్లకి చేరితే, అంటే గంటకి 36 కిలోమీటర్లు, పన్నెండు కిలోలు. రెట్టింపు గాలికి నాలుగు రెట్లు లాగుడు. ఎంసెట్‌లో ఇదే లెక్క ఆప్షన్లు చూసి పెట్టేశాం. దారం చేతిలో ఉన్నప్పుడు ఆప్షన్లు ఉండవు, అరచెయ్యి ఉంటుంది. గ్లవ్స్ లేకుండా ఎవరూ ముట్టుకోకండి.

దారం దగ్గర ఇంకో సంగతి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గాలిపటాలకి నైలాన్, సింథటిక్ దారాలు వాడకూడదని దేశమంతటా నిషేధించింది. చైనా మాంజా అని మనం పిలిచేది అదే. ప్రతి సంక్రాంతికీ బైకుల మీద వెళ్ళేవాళ్ళ గొంతులు తెగిన వార్తలు చదువుతూనే ఉన్నాం, పక్షుల లెక్క వేసేవాళ్ళే లేరు. అందుకే మేం అల్లిన నూలు తాడు వాడాం. బరువెక్కువ, దాంతో ఎత్తు తగ్గుతుంది, 50 మీటర్ల దగ్గర ఆగిపోయాం. పర్వాలేదు. తాడు ఆగుతుందో లేదో చూడ్డానికి హాస్టల్ 20 లీటర్ల వాటర్ క్యాన్ నిండా నీళ్ళు పోసి మెట్ల మధ్య వేలాడదీశాం. ఆగింది.

అన్నిటికంటే నాకు నచ్చిన భాగం ఫోన్‌ని వేలాడదీసే పద్ధతి. కొత్తవాళ్ళు ఎవరైనా ఫోన్‌ని గాలిపటానికే కట్టేద్దాం అంటారు. బట్యూ కూడా అలాగే చేశాడు. గాలిపటం నిమిషానికి నూరుసార్లు తల ఊపుతుంది, దాంతోపాటు ఫోటో కూడా. ఆ తర్వాతివాళ్ళు కెమెరాని కిందికి దించి దారానికి కట్టడం మొదలుపెట్టారు. మేం గాలిపటానికి 20 మీటర్ల కింద కట్టాం. అయినా చిక్కుంది. దారం నిటారుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది, గాలి మారినప్పుడల్లా ఆ వాలు మారుతుంది. ఫోన్ మాత్రం ఎప్పుడూ నేలకేసే చూడాలి. ఎలా?

ఫ్రాన్స్‌లోనే పియేర్ పికావే అనే ఆయన 1912లో దీనికి పరిష్కారం చెప్పాడు. రెండు పుల్లలు అడ్డంగా నిలువుగా కట్టి ఒక శిలువ చేయండి. నాలుగు కొసలకీ నాలుగు రింగులు. పైన గాలిపటం దారం మీద మీటరు దూరంలో రెండు కొక్కేలు. ఇప్పుడు ఒకే ఒక్క సన్నటి తాడుని ఆ కొక్కేల్లోంచి, రింగుల్లోంచి వరసగా పోనిచ్చి, తిరిగి మొదటికి తెచ్చి ముడేయండి. అంతే. దారం వంగితే లోపలి తాడు రింగుల్లో జారి పొడవులు తనే సర్దుకుంటుంది, శిలువ మాత్రం మట్టసంగా ఉంటుంది. బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు, కోడ్ లేదు. డ్రోన్‌లో ఇదే పనికి గింబల్ అని మూడు మోటార్లు, ఒక జైరో, ఒక కంట్రోల్ లూప్ ఉంటాయి. రోజంతా కోడ్ రాసే మనం అప్పుడప్పుడు ఇలాంటిది ఒకటి చేత్తో కట్టి చూడాలి. కొన్ని సమస్యలకి ప్రోగ్రాం అక్కర్లేదని వేళ్ళకి తెలుస్తుంది.

ఫోన్‌ని రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా సగం కోసి అందులో కూర్చోబెట్టాం. ఫోకస్ దూరానికి లాక్ చేసి, షట్టర్ సెకనులో వెయ్యో వంతుకి పెట్టి, అయిదు సెకన్లకి ఒకటి తీసేలా టైమర్ యాప్ ఆన్ చేస్తే గంటకి 720 ఫోటోలు. వాటిలో ఆకాశం కొన్ని, దారం కొన్ని, మసక బోలెడు. పనికొచ్చేవి ముప్పై ఉంటే ఆ రోజు పండగ.

ఆ ముప్పైని కలిపి ఒక మ్యాప్ చేయడం మన సీఎస్ఈ వాళ్ళ వంతు. ఓపెన్ డ్రోన్ మ్యాప్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, పేరులో డ్రోన్ ఉన్నా దానికి గాలిపటం ఫోటో ఇస్తే కులం అడగదు. ముందు మేం సొంతంగా రాసి చూశాం. రెండు ఫోటోల్లోనూ కనబడే రాయి, చెట్టు మొదలు లాంటి నాలుగు చుక్కలు దొరికితే ఎనిమిది సమీకరణాలు వస్తాయి, ఎనిమిది తెలియనివి తేలతాయి, ఒక ఫోటో ఇంకోదాని మీద సరిగ్గా కూర్చుంటుంది. లీనియర్ ఆల్జీబ్రా క్లాసులో "ఇది ఎక్కడ వాడతాం సార్" అని అడిగినవాళ్ళలో నేనొకణ్ణి. ఇక్కడ వాడతాం. ఒక తమాషా ఏంటంటే, నీళ్ళ దగ్గర ఇది పనిచేయదు. అలలు ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మారిపోతాయి కాబట్టి పోల్చడానికి గుర్తులుండవు. ఒడ్డు మాత్రం చక్కగా అతుక్కుంటుంది. మాకు కావాల్సింది కూడా ఒడ్డే.

ఎందుకంటే మేం తీస్తున్నది చెరువుని. మా కాలేజీ హైదరాబాద్ శివార్లలో ఉంది. వెనక గోడ దాటితే పొలాలు, అవి దాటితే చెరువు. పేరు చెప్పను, ఇలాంటి చెరువు మీ కాలేజీ వెనకా ఉండే ఉంటుంది. 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అన్న మాట ఈ ఊళ్ళో ఆటో డ్రైవర్ల నోట్లో కూడా ఆడుతోంది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా ఉంటాయో ఆ గీత. ఫ్లాట్ కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు, కూల్చినవాళ్ళు అందరూ ఆ గీత గురించే కొట్లాడుకుంటున్నారు. ఆ గీతని తమ కళ్ళతో పైనుంచి చూసినవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

శాటిలైట్ ఉందిగా అంటారు. ఉంది. మన కార్టోశాట్-3 నేలమీద 25 సెంటీమీటర్లంత వస్తువుని పట్టగలదు, అందులో నాకూ గర్వమే. కానీ చెరువు నిండేది వానాకాలంలో. అప్పుడు పైన మబ్బు. మామూలు కెమెరా ఎంత గొప్పదైనా మబ్బు పైనుంచి చూస్తే మబ్బే కనిపిస్తుంది. గాలిపటం మబ్బు కిందే ఉంటుంది. పైగా 50 మీటర్ల ఎత్తు నుంచి మా పాత ఫోన్‌కి ఒక్కో పిక్సెల్ రెండు సెంటీమీటర్ల లోపే పడుతుంది. కొత్తగా పోసిన మట్టి ఏదో, పాత మట్టి ఏదో రంగులో తేడా తెలిసిపోతుంది.

పైనుంచి చూసే హక్కు ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. 2010లో అమెరికా దగ్గర గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు బావి పేలి, సముద్రంలో నెలల తరబడి నూనె కారింది. ఆ ప్రాంతం మీద తక్కువ ఎత్తులో విమానాలు తిరగకుండా ఆంక్షలు పెట్టారు. అప్పుడు తీరంలో ఉండేవాళ్ళు, విద్యార్థులు, కొందరు వాలంటీర్లు కలిసి బెలూన్లకీ గాలిపటాలకీ చవక కెమెరాలు కట్టి తమ తీరాన్ని తామే ఫోటోలు తీసి మ్యాపులు చేశారు. షట్టర్ బటన్ మీద ఒక రబ్బర్ బ్యాండ్ బిగిస్తే అది ఆగకుండా ఫోటోలు తీస్తూనే ఉంటుంది, అదీ వాళ్ళ టెక్నాలజీ. దాన్నుంచే పబ్లిక్ ల్యాబ్ అనే సంస్థ పుట్టింది. నూనె ఎక్కడిదాకా వచ్చిందో కంపెనీ చెప్పేదాకా ఆగాల్సిన పని వాళ్ళకి లేకపోయింది.

ఇప్పుడు ఆ దారం సంగతి. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం చెరువు కట్ట మీద నడుస్తూ తీస్తున్నాం. చేపలు పట్టే పెద్దాయన ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "ఏం బిడ్డా, గింత పెద్దగైనంక పతంగులు ఎగరేస్తున్రా?" అన్నాడు. (మా వైపు గాలిపటం, ఇక్కడ పతంగి. నాకిప్పుడు పతంగే బావుంది, పలకడానికే గాలి తగులుతుంది.) దారం చెయ్యి మారుస్తారా అని అడిగితే తీసుకున్నాడు. మాకంటే బాగా పట్టుకున్నాడు. దింపాక ఫోటోలు ఇంకో ఫోన్‌లో చూపించాం. వేలు పెట్టి ఇది తూము, ఇది శికం, ఇక్కడ పోయినేడు దాకా నీళ్ళు అని చెప్పుకుంటూ పోయాడు. చివర్లో అన్న మాట ఇది: "గీ ఎండలల్ల తీస్తే ఏమొస్తది? మత్తడి దుంకిన్నాడు తీయుండ్రి. నీళ్ళు యాడిదాంక వస్తయో ఆడిదాంక చెర్వే."

మత్తడి అంటే అలుగు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు దూకి పోయే చోటు. నీళ్ళు సరిగ్గా దాని అంచు దాకా వస్తే అదే ఎఫ్‌టీఎల్. అంటే అలుగు దూకే రోజు చెరువు తన గీతని తనే గీసి చూపిస్తుంది. మేం ఒక నెలపాటు సర్వే మ్యాపులు, పీడీఎఫ్‌లు వెతుక్కుంటున్నాం, ఆయనేమో ఒక్క వాక్యంలో చెప్పి వల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అదే మేం డ్రోన్ ఎగరేసి ఉంటే ఆయన వచ్చేవాడా? రాడు. డ్రోన్ శబ్దం వింటే ఊళ్ళోవాళ్ళు ముందు భూమి కొలిచేవాళ్ళేమో అనుకుంటారు. ఎవరు ఎగరేస్తున్నారో తెలీదు, ఎక్కడుండి చూస్తున్నారో తెలీదు. గాలిపటానికి దారం ఉంటుంది, దారం కొసన మనిషి ఉంటాడు. పైన ఏదో ఉందని చూసిన ఎవరైనా ఆ దారం వెంట కిందికి నడుచుకుంటూ వచ్చి "ఎవర్రా నువ్వు, ఏం చూస్తున్నావ్" అని అడగొచ్చు. మనం జవాబు చెప్పాలి. పారిపోవడానికి లేదు, దారం చుట్టడానికే పది నిమిషాలు పడుతుంది. ఇందాక అన్న పెద్ద కారణం ఇదే. పైనుంచి జనాన్ని చూసే మెషీన్ ఏదైనా, దాని వెనక ఉన్నవాడు ఇంత సులువుగా దొరకాలి. సీసీ కెమెరాలు, ఫేస్ రికగ్నిషన్ ప్రాజెక్టులు చేసే మన బ్రాంచ్‌కి ఈ మాట కాస్త గట్టిగానే వినపడాలి.

అలాగని దారం ఉంటే అన్నీ మాఫీ అనుకోకూడదు. డాబాల మీద బట్టలారేస్తుంటారు, పెరట్లో స్నానాలు చేస్తుంటారు. ఊరి మీదికి పటం పోనివ్వకూడదు. ముందు చెప్పి, అడిగి ఎగరేయాలి. ఎవరైనా మా ఇల్లు తీసేయమంటే ఆ ఫోటో వాళ్ళ ఎదురుగానే తీసేయాలి.

చట్టం గురించి కూడా. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి 2021 నిబంధనల ప్రకారం పైలట్ లైసెన్స్ అక్కర్లేదు, అది కొని ఎగరేసుకోవచ్చుగా అని మా క్లాస్‌మేట్ ఒకడు వాదించాడు. కొనగలిగితే కొనుక్కో నాయనా. గాలిపటమే కదా, మనకి రూల్స్ ఏముంటాయి అన్నది ఇంకో తప్పు ఆలోచన. 2024 చివరిదాకా అమల్లో ఉన్న 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం విమానం అన్న మాటకి ఇచ్చిన అర్థంలో బెలూన్లతో పాటు గాలిపటాలు కూడా ఉండేవి. నవ్వొచ్చినా నిజం. కాబట్టి విమానాశ్రయాల దరిదాపుల్లో అసలు వద్దు, కరెంటు తీగల దగ్గర వద్దు, రోడ్డు పక్కన వద్దు, ఉరుములుంటే ఇంట్లో కూర్చోండి. తడిసిన తాడు కరెంటుకి దారి.

ఇంకో నిజం ఒప్పుకోవాలి. మా ఫోటో కోర్టులో నిలబడే సర్వే కాదు. ఎత్తులు కొలవాలంటే సర్వేయర్ పరికరాలతో రావాల్సిందే. అలుగునే ఎవరైనా కొట్టేసి కిందికి దించితే నీటి గీత కూడా కిందికి దిగుతుంది, అప్పుడు ఫోటో కూడా అబద్ధమే చెబుతుంది. అందుకే అలుగుని విడిగా దగ్గర్నుంచి కూడా తీస్తున్నాం. కొలత కోసం తెల్లటి యూరియా సంచులు పరిచి, వాటి మధ్య దూరం టేపుతో కొలిచి రాసిపెడుతున్నాం. తేదీ, టైము, ఎవరు దారం పట్టుకున్నారు అన్నీ ఒక షీట్‌లో ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకసారి, అలుగు దూకినప్పుడు ఒకసారి. మేం పాసై వెళ్ళిపోయాక జూనియర్లు అదే చోట నిలబడి తీస్తే నాలుగైదేళ్ళకి చెరువు కదలిక కనిపిస్తుంది. డ్రోన్ వర్క్‌షాప్‌కి ఇచ్చే డబ్బులో పదో వంతు చాలు, ఇది ఫస్ట్ ఇయర్ ప్రాజెక్టుగా పెట్టమని డిపార్ట్‌మెంట్‌లో అడిగాం. చూద్దాం అన్నారు. మనందరికీ తెలుసు కదా చూద్దాం అంటే ఏంటో. క్లబ్ తరఫున ఇంకో ఇరవై మంది సంతకం పెడితే మళ్ళీ అడుగుతాం.

ఈ వానాకాలం అలుగు ఇంకా దూకలేదు. కట్టకి ఇంకో రెండడుగుల దిగువలో ఉన్నాయి నీళ్ళు. దూకిన రోజు పెద్దాయన ఫోన్ చేస్తానన్నాడు. వాన ఆగి, గాలి గంటకి 15 నుంచి 25 కిలోమీటర్ల మధ్య ఉంటే ఆ సాయంత్రమే వెళ్తాం. దారం పట్టుకోవడానికి ఇద్దరు, సంచులు పరచడానికి నలుగురు కావాలి. బురదగా ఉంటుంది, పాత చెప్పులు వేసుకుని రండి.